తల్లీకూతుళ్లను చూడడానికి వెళ్లిన గంట

మొన్న నాగారంలో మా మేనకోడలింట్లో కూర్చుని ఉండగా, వకీలుగా పనిచేసే ఆ అమ్మాయి, బిడ్డ కోసం కేసు నడుస్తున్న ఒక తల్లికి ఫోనులో పాఠం చెబుతోంది. కోర్టు తరఫున సైకాలజిస్టు ఇంటికొచ్చినప్పుడు టీవీ కట్టేయాలట, పిల్లాణ్ణి పక్కన కూచోబెట్టుకుని బొమ్మలు వేయించాలట, వచ్చినవాళ్లకు చాయ్ కూడా పోయకూడదట. నాకు ఒళ్లు మండింది. అలాంటి రిపోర్టులు రాసీ రాసీ రిటైరైన మనిషిని, నా ఎదుటే ఈ నాటకమా అనిపించింది.

నిజానికి ఆ కోపం మేనకోడలి మీద కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో తేల్చే కేసులో, షామీర్‌పేట దగ్గర చేపలమ్ముకునే ఒక తల్లి ఇంటికి నన్ను పంపారు. తల్లీకూతుళ్లు కలిసి ఎలా మసలుతారో ఒక గంట చూసి రాయాలి, అంతే పని. మన రోజుల్లో ఆఫీసరు వస్తున్నారంటే ఎంత హడావుడో మీకూ తెలుసు కదా. ఆమె ఇల్లంతా అలికి, ఆరేళ్ల పిల్లకు తలంటి కొత్త గౌను తొడిగి, చేతులు కట్టుకుని గోడవారన కూర్చోమని, నోరు మెదపొద్దని చెప్పి, నాకు అన్నం వడ్డించి, తను పొయ్యి దగ్గరే ఉండిపోయింది. కూతురితో మాట్లాడమ్మా అని నేనెంత మొత్తుకున్నా, పెద్దవాళ్ల ముందు పిల్లతో ముచ్చట్లేమిటని సిగ్గుపడి, నా కంచంలో ఇంకో చేప ముక్క వేసేది. అలాగే గంటంతా గడిచిపోయింది.

గొడుగు మరిచిపోయి సగం దారి నుంచి తిరిగి వెళ్తే, ఆ పిల్ల తల్లి ఒళ్లో కూర్చుని, ముళ్లు తీసి పెడుతున్న ముద్దలు తింటూ ఒకటే కబుర్లు. అదీ రాశాను. గంట దాటాక చూసింది చెల్లదని మా పెద్దసారు ఆ నాలుగు వాక్యాలూ కొట్టేసి, బిడ్డ తల్లి దగ్గరికి పోలేదన్న మాట మాత్రం ఉంచారు. వాదించాను, విసిగిపోయాను, చివరికి సంతకం పెట్టాను. పిల్లను తండ్రికి అప్పగించారు.

కొన్నాళ్లకు మేడ్చల్ బస్టాండులో ఆ తల్లి నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను.

"ఆనాడు కూర మంచిగ లేకుండెనా మేడం?" అని మెల్లగా అడిగింది.

నేను ఎదురుగా ఆగిన బస్సు ఎక్కేశాను.

ఇప్పటి తల్లులు అన్నీ నేర్చుకునే ఉంటారు, ఆనాటి బెరుకూ మర్యాదా ఎక్కడా కనిపించవు. పోతే పోనీ, బిడ్డను దక్కనివ్వని మర్యాద ఎవరికి కావాలి. ఆ రోజు తిన్న అన్నం మాత్రం నాకు ఇప్పటికీ అరగలేదు.