ముక్కు మూసుకుంటే కంపు పోదు

మా ఊరి అంగన్‌వాడీ పంతులమ్మగారు పోయారని మంగళవారం పొద్దున పాలకేంద్రం దగ్గర తెలిసింది. అక్కడున్న వాళ్ళంతా పాపం అన్నారు. నాకు ఆ మాట నోట రాలేదు.

మాది కోడూరు దగ్గర. ఆవిడ మూడేళ్ళ పిల్లల్ని గదిలో కూర్చోబెట్టేవారు కాదు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నడిచేలా కాలువ గట్టుకి తీసుకెళ్ళి, చెప్పులు విప్పించి, చేలోకి దింపేవారు. తలా ఒక మట్టిపెళ్ళ ఇచ్చి వాసన చూడమనేవారు. వానపాము బయటపడితే మళ్ళీ మన్ను కప్పించేవారు. బట్టలు బురదవుతున్నాయని తల్లులు సణిగితే, “ఉతికితే పోయేదేగా అమ్మా,” అనేవారు.

తర్వాత రొయ్యల చెరువులొచ్చాయి. నేనూ మూడెకరాల వరిచేను తవ్వించాను. తెల్లమచ్చ తెగులొచ్చిన ఏడు చచ్చిన రొయ్యల్నీ, మందుల మడ్డినీ చెరువు తూము తలుపు ఎత్తి కాలువలోకి వదిలేశాను. అందరూ అదే చేశారు. అందరూ చేశారని ఇప్పటికీ చెప్పుకుంటాం. రోత పుడుతుంది.

ఆ వారం కూడా ఆవిడ పిల్లల్ని గట్టుకి తెచ్చారు. పిల్లలు ముక్కులు మూసుకుంటే ఒక్కొక్కరి చెయ్యీ కిందికి దించారు.

“ముక్కు మూసుకుంటే కంపు పోదు నాన్నా. ఎక్కణ్ణుంచి వస్తుందో చూడండి.”

పిల్లలు వాసన పట్టుకుంటూ వచ్చి నా తూము దగ్గర ఆగారు. వాళ్ళలో నా మనవరాలూ ఉంది.

“ఇది మా తాతయ్యది,” అంది.

మర్నాడే చెరువుల వాళ్ళం నలుగురం బందరు వెళ్ళాం. పసిపిల్లల్ని కాలువల వెంట తిప్పుతోంది, పడితే ఎవరు పూచీ అని అంగన్‌వాడీల ఆఫీసరుకి చెప్పాం. పిల్లలు గడప దాటకూడదని ఆర్డరు వచ్చింది. పిల్లల మీద ప్రేమతో వెళ్ళామని ఊళ్ళో చెప్పుకున్నాం కూడా.

ఆ తర్వాత కూడా ఆవిడ ఎదురుపడితే, “బాగున్నారా బాబాయిగారూ,” అనేవారు. గదిలో మాత్రం ఒక రేకు డబ్బా నిండా మన్ను పెట్టుకుని పిల్లల చేత పిసికించేవారట. ఎక్కడిదని మనవరాల్ని అడిగాను. పంతులమ్మగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్నారంది. మా ఊరి మన్ను వాసన చూపించడానికి పనికిరాదని ఆవిడకి తెలుసు. నా మనవరాలికి ఇవాళ మంచి మన్ను ఏదో తెలుసు. నేర్పింది ఆవిడే, నేను కాదు.

పాడె ఆ గట్టు మీదుగానే వెళ్ళింది. కాలువ ఇంకా కంపు కొడుతూనే ఉంది. మోసిన నలుగురూ చిన్నప్పుడు ఆవిడ దగ్గర మన్ను వాసన చూసినవాళ్ళే. ముక్కు మూసుకోవడానికి వాళ్ళకి చెయ్యి ఖాళీ లేదు. వెనక నడిచే మా చేతులు ఖాళీగానే ఉన్నాయి. నా తూము దగ్గరికొచ్చాక చూసుకుంటే, తువ్వాలు అప్పటికే నా ముక్కు మీద ఉంది.