ఝాన్సక్క నాకు వినిపించిన షార్ట్‌కట్‌లు

నిన్న పొద్దున మియాపూర్ మెట్రో మెట్లెక్కుతున్నాను. ఆఫీసు గ్రూపులో వరుసగా మెసేజ్‌లు.

ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. ఫోన్ చదివింది.

"ఝాన్సీ ఈజ్ నో మోర్."

నాకు చూపు లేదు. ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఉన్నదంతా స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. గుడ్ మార్నింగ్‌నీ చావుకబురునీ అది ఒకే గొంతుతో చదువుతుంది. తప్పు చదివిందేమోనని వెనక్కి వెళ్లి మళ్లీ విన్నాను.

తప్పు చదవలేదు.

డెంగ్యూ అని లీవ్ పెట్టింది. సోమవారం వచ్చేస్తానంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఝాన్సక్క మా కంపెనీలో డెవలపర్. ఒంగోలు వైపు మనిషి, అందరినీ "అండీ" అనే పిలిచేది. హైటెక్ సిటీలో అదే బిల్డింగ్‌లో నేను కస్టమర్ సపోర్ట్. కాల్స్ మాట్లాడతాను.

పోయినేడాది మా కంపెనీ కొత్త కాల్ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. బయట అమ్మేముందు మా టీమ్‌తోనే వాడించి చూస్తున్నారు. అందరి కాల్స్ చకచకా అయిపోతున్నాయి, నావి మాత్రం సాగుతున్నాయి. ఒక కాల్ హోల్డ్‌లో పెట్టాలంటే ట్యాబ్ కీ కొడుతూ బటన్లన్నీ దాటుకుంటూ పోవాలి. ఈలోపు అవతలివాళ్లు "హలో, హలో" అని కట్ చేసేవాళ్లు.

మా టీమ్ లీడ్ మంచోడే. "పరేషాన్ కాకు రమేశ్. మెయిల్ టీమ్‌లకు పో, ఈ ఫోన్ల లొల్లి ఉండది" అన్నాడు.

ఈ ఉద్యోగంలో నాకిష్టమైంది మనుషులతో మాట్లాడటం ఒక్కటే.

క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చున్న ఝాన్సక్కకి చెప్పుకున్నాను. అప్పటికి మా పరిచయం టిఫిన్ బాక్సుల వరకే.

"షార్ట్‌కట్‌లు వాడట్లేదా అండీ మీరు?"

"ఏం షార్ట్‌కట్‌లక్కా?"



"ప్రతి బటన్ మీదా చిన్న అక్షరం ఉంటుందండీ. హోల్డ్‌కి హెచ్ నొక్కితే చాలు. నేనే పెట్టాను. మీకది చదవట్లేదా?"

"లేదక్కా. హోల్డ్ బటన్ అంటది, గంతే."

కళ్లున్నవాళ్లకి ఆ అక్షరం కనిపిస్తోంది. అది అక్కడుందని నా రీడర్‌కి తెలిసేలా కోడ్‌లో ఎవరూ రాయలేదు.

మర్నాటికి అక్క రాసేసింది. "హోల్డ్ బటన్, హెచ్" అని మొదటిసారి విని చిన్నపిల్లాడిలా నవ్వాను.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. నా రీడర్‌కి హెచ్ అంటే తర్వాతి హెడ్డింగ్‌కి వెళ్లమని అర్థం. నేను నొక్కిన హెచ్‌ని అదే మింగేసింది. కాల్ హోల్డ్‌లో పడలేదు. పడిందనుకుని, పక్కనే ఉన్న అక్కతో "ఏడ దొరికిండక్కా ఈయన, ఒకటే లొల్లి" అనేశాను.

హెడ్‌సెట్‌లో పెద్దాయన గొంతు. "ఇంటున్న తమ్మీ."

అక్క నవ్వి నవ్వి కుర్చీలోంచి పడబోయింది. తర్వాత నా హెడ్‌సెట్ లాక్కుని ఆయనకి తనే సారీ చెప్పింది.

ఆ వారం లంచ్ టైమ్ అంతా నా పక్కనే. నా రీడర్ ఏయే కీలు వాడుకుంటుందో అడిగి తెలుసుకుంది. వాటికి అడ్డురాకుండా షార్ట్‌కట్‌లన్నీ మార్చింది.

రిలీజ్ మీటింగ్‌కి నన్నూ పిలిచారు. మేనేజర్ చిరాగ్గా ఉన్నాడు. "ఒక్కడి కోసం రిలీజ్ ఆపాలా ఝాన్సీ? అందరికీ హెచ్ అలవాటైపోయింది."

అక్క గొంతు పెంచలేదు.

"హెచ్ కావాలన్నవాళ్లు సెట్టింగ్స్‌లో పెట్టుకుంటారండీ. మన ఫ్లోర్‌లో రమేశ్ గారొక్కరే, నిజమే. దీన్ని కొనే ఆఫీసుల్లో ఇంకెంతమంది ఉన్నారో మనం అడిగామా?"



రిలీజ్ వారం ఆగింది. నేను మెయిల్ టీమ్‌కి వెళ్లలేదు.

నిన్నటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. అక్క నాకోసం ప్రత్యేకంగా ఏదీ తయారుచేయలేదు. అందరికీ ఉన్నదే నాకూ తెలిసేలా చేసింది. దానికే తను అంత పోట్లాడాల్సి వచ్చింది.

ఇవాళ శేరిలింగంపల్లి దగ్గర సమాధుల తోటకి వెళ్లాను. చివరిచూపు కోసం అందరూ వరుసలో నిలబడ్డారు. నేనేం చూస్తానని, వెనకే ఉండిపోయాను.

అక్క భర్త ప్రసాద్ గారు నా దగ్గరికొచ్చి ముందుకి తీసుకెళ్లారు.

"తెల్లచీర కట్టామండీ. కళ్లజోడు ఉంచేశాం, తీస్తే ఎవరోలా ఉంది. చెయ్యి మీ ముందే ఉందండీ."

తాకాను. చాలాసేపు వదల్లేకపోయాను. వెనక ఎవరూ తొందరపెట్టలేదు.

ఇగ పని చాలు ఝాన్సక్కా. నువ్వు నమ్ముకున్న ప్రభువు దగ్గర నిమ్మళంగా ఉండు.