ఆరు ఈగలు, మూడు టేబుళ్లు

తప్పు ఎక్కడుందో పట్టుకోవడంలో హరికిషన్‌ను మించినవాడు లేడని రైల్వే వర్క్‌షాపులో ఒకప్పుడు పెద్ద పేరు. బోగీ కింద ఏదో చప్పుడొస్తుందంటే ముందు ఆయనకే కబురొచ్చేది. అలాంటి మనిషికి, ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరై మౌలాలిలో ఇంటిపట్టున కూర్చున్నాక, ఇంట్లో ఉన్న ఒక్క తప్పును పట్టుకోవడానికి మూడు నెలలూ మూడు టేబుళ్లూ పట్టాయి. ఈ సంగతి ఇప్పుడు చాయ్ హోటల్లో ఆయనే చెప్పి అందర్నీ నవ్విస్తాడు. అడగనివాళ్లకు కూడా చెప్తాడు.

సంగతంతా ఈగలది. నిజం ఈగలు కావు. చిన్న గాలం కొక్కేనికి కోడి ఈకలు, నెమలి పోచలు, రంగు దారం చుట్టి, నీళ్లలో పడితే చేప పురుగనుకుని మింగేలా చేసే ఎర. చేపలు పట్టేవాళ్లు దాన్ని ఫ్లై అంటారు. వర్క్‌షాపులో ఆయనతో పనిచేసిన జెరెమియాకు సెలవు దొరికితే చాలు, ఘట్‌కేసర్ అవతల చెరువు గట్టున తేలడం అలవాటు. పదేళ్ల కింద ఒకరోజు చితికిపోయిన ఫారిన్ ఫ్లై ఒకటి తెచ్చి, ఇసొంటిది చేయొస్తదా అన్నా అని అడిగాడు. ఫిట్టరును పట్టుకుని చేయొస్తదా అని అడిగితే ఊరుకుంటాడా? హరికిషన్ రెండు రోజుల్లో చేసి చేతిలో పెట్టాడు. అప్పటినుంచీ జెరెమియాకు ఈగలు కట్టిచ్చేది ఆయనే.

ఇంతా చేసి హరికిషన్ ఏనాడూ గాలం పట్టిన పాపాన పోలేదు. నీళ్లంటే భయం. చేపను పులుసులో తప్ప ఎరగడు. కోడి మెడ ఈకల కోసం చికెన్ సెంటర్ ముందు నిలబడి, మాంసం వద్దు ఈకలు చాలంటే, దుకాణంవాడు ఆయన్ను చాలా రోజులు జాలిగా చూశాడు. ఆయన భార్య కల్పలత అయితే ఎవరడిగినా ఒకటే మాట చెప్పేది: రిటైరైనవాళ్లంతా ఈగలు తోలుకుంటుంటే మా ఆయన కూర్చుని ఈగలు కడుతున్నాడని.

ఈ ఏడాది చేపలు పట్టేవాళ్లంతా కలిసి ఆ చెరువు మీద పోటీ పెట్టుకున్నారు. మూడు నెలల ముందే జెరెమియా వచ్చి ఆరు ఈగలు కావాలన్నాడు. నీ చేతివే కావాలని నొక్కి మరీ చెప్పాడు. సరేనని కూర్చుంటే మొదటిదే వంకర పోయింది. తల దగ్గర వేసే ఆఖరి ముడి పక్కకు జారింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

వర్క్‌షాపులో గీత తప్పని ఆయన చేతిని లెవెల్ చెయ్యి అనేవారు. రిటైరయ్యేటప్పుడు శాలువా, గోడ గడియారం ఇచ్చారు గానీ, ఆయన నిజంగా ఇంటికి తెచ్చుకున్నది ఆ పేరొక్కటే. ఆరు ఈగలు సరిగ్గా కట్టలేకపోతే ఆ పేరూ పోయినట్టే, ఈకల డబ్బా మూసి అటక మీద పడేయాల్సిందే. అది తలుచుకుంటేనే ఆయనకు భయమేసింది. భయం వేసినవాడు కాసేపు నిదానంగా ఆలోచించాలి. ఆయన టేబుల్‌ను తిట్టాడు.

తిట్టడానికి తగ్గట్టే ఉందది. డైనింగ్ టేబుల్‌కు ఒక కాలు పొట్టి. దాని కింద మడిచిన అట్టముక్క పెట్టి ఎనిమిదేళ్లయింది. పైగా అన్నం వేళకు సామానంతా ఎత్తాలి, ఎత్తినా పప్పులో ఒక ఈక మిగిలేది. కదలని టేబుల్ కావాలి, ఏ వస్తువు చోట ఆ వస్తువు ఉండాలి, అప్పుడు చూడండి నా పని అని ఆయన ఇంట్లో ప్రకటించాడు. ఇంట్లో ఉన్నది కల్పలత ఒక్కతే. సరే అంది.

మొదట ఫోనులో చూసి మడత టేబుల్ తెప్పించాడు. బొమ్మలో భలేగా ఉంది. కొక్కేన్ని పట్టి ఉంచే చిన్న వైస్ బిగిస్తే ముందుకు వంగి దండం పెట్టింది. దారం లాగితే దారంతోపాటు టేబుల్ కూడా ఆయన దగ్గరికి వచ్చేసేది.

రెండోది అలా కాకూడదని సికింద్రాబాద్‌లో పాత ఫర్నిచర్ దుకాణాలన్నీ తిరిగాడు. గ్లాసు నిండా నీళ్లు పోసి ఒక్కో టేబుల్ మీద పెట్టి, పక్కన గుద్ది, నీళ్లు కదిలితే వద్దనేవాడు. ఒక దుకాణంవాడు ఈయన నీళ్లు చూసి జాతకం చెప్తాడేమోనని చెయ్యి చాపబోయాడు. చివరికి ఏదో ఆఫీసులో అరిగిన టేకు టేబుల్ దొరికింది. ఆరు సొరుగులు, దున్నపోతంత బరువు. మెట్ల మలుపులో ఎక్కనంది. చేసేది లేక కింద హాల్లోనే పడేస్తే, కల్పలత నెల రోజులు వంటింటి గుమ్మంలో నిలబడి టీవీ చూసింది. ఆరు సొరుగులకూ చీటీలు అంటించాడు. కొక్కేల కోసం కల్పలత పోపుల డబ్బా ఎత్తుకొచ్చి, ఆవాల గిన్నెలో చిన్నవి, మెంతుల గిన్నెలో పెద్దవి పోశాడు. అంతా సర్దుకుని రెండడుగులు వెనక్కి వెళ్లి చూసుకుంటే గర్వంతో ఛాతీ ఉబ్బింది. కూర్చుని కట్టాడు. వంకర.

అప్పుడు తప్పు మౌలాలి లైన్ మీద పోయే గూడ్సు బండ్లదని తేల్చాడు. ఏ బండి ఎప్పుడొస్తుందో కాగితం మీద రాసుకున్నాడు. టేబుల్ మీది గ్లాసులో నీళ్లు మాత్రం బండి వచ్చినా పోయినా కదల్లేదు. గాలికి దారం ఊగుతుందని మే నెలలో ఫ్యాన్ బంద్ చేశాడు. కుర్చీ మార్చాడు, లైటు మార్చాడు, కళ్లద్దాలు మార్చాడు.

మూడోది గ్రానైటు. ఎవరింట్లోనో వంటగదికి పరచగా మిగిలిన బండ తెచ్చి, ఇనుప బద్దీల మీద తానే గోడకు బిగించాడు. డ్రిల్లు పెడితే రంధ్రాలు గీత మీద పడలేదు. గోడ మంచిది కాదన్నాడు. భూకంపమొస్తే ఇల్లు పోతుంది గానీ ఈ బండ కదలదని కల్పలతకు చూపించి మరీ చెప్పాడు. బండ కదల్లేదు, ఆ మాట నిజమే. ఈగ మళ్లీ వంకర పోయింది.

పోటీ శనివారం. బుధవారం సాయంత్రం ఆరోది కూడా పక్కకు జారిపోయేసరికి ఆయన కుర్చీని వెనక్కి తోసి లేచాడు. కల్పలత డైనింగ్ టేబుల్ దగ్గర మల్లెపూలు కడుతోంది. వర్క్‌షాపు కుర్రాళ్లకు ఆయన చెప్పే పాఠం ముప్పై ఏళ్లుగా విని ఆమెకు కంఠతా వచ్చు. తప్పు దొరకాలంటే ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చి చూడాలి.

"టేబుల్ మార్చినవ్. కుర్చీ మార్చినవ్, లైటు మార్చినవ్, అద్దాలు మార్చినవ్," అంది ఆమె, పూలు పక్కన పెట్టి. "నీ రూల్ ప్రకారం ఇగ మార్చనిది ఒక్కటే ఉన్నది. గా వైస్ ఇటు తీస్కరా."

తెచ్చాడు. అట్టముక్క పెట్టిన ఆ పాత టేబుల్‌కే బిగించాడు. ఎలా చుట్టాలో చెప్తుంటే ఆమె చుట్టింది. టేబుల్ ఎప్పటిలాగే టకటకమని ఊగింది. పూలు కట్టి కట్టి అలవాటైన వేళ్లు, దారం ఒక చుట్టు పక్కన ఒక చుట్టు పడింది. ఆఖరి ముడి సరిగ్గా నడుమ కూర్చుంది.

హరికిషన్ ఆ ముడిని చూశాడు. తర్వాత టేబుల్ మీద పెట్టిన తన కుడిచేతిని చూశాడు. ఎవరూ అడక్కుండానే చూపుడువేలు సన్నగా కొట్టుకుంటోంది. అది ఆయనకు కొత్త కాదు. చాయ్ సాసర్లో పోసుకునేటప్పుడు చూశాడు, చొక్కా బొత్తాలు పెట్టుకునేటప్పుడు చూశాడు. చూసిన ప్రతిసారీ కప్పుదో బొత్తానిదో తప్పని సర్దుకున్నాడు. ఆ చేతిని ఎడమచేతి కింద దాచుకుని, నీకెప్పటినుంచి తెలుసని అడిగాడు. పోయిన దసరా నుంచి అంది.

"మరెందుకు చెప్పలే?"

"టేబుల్ కొంటనని ఎగిర్తివి. నువ్వు తెలుసుకునేదాక జెర సంబురంగ ఉంటవని ఊకున్న."

ఆయనకు సిగ్గేసింది, భయమూ వేసింది, ఏడుపు కూడా వచ్చింది. సోమవారం డాక్టర్ దగ్గరికి పోదామని ఆమె అంటే, ఇంకేం బేరమాడకుండా తలూపాడు.

మిగతా అయిదూ కల్పలతే కట్టింది. శుక్రవారం పొద్దున జెరెమియా వస్తే హరికిషన్ వాటిని డబ్బాలో పెట్టి గప్‌చుప్‌గా ఇచ్చేశాడు. నోరు మూసుకుంటే పేరు నిలబడుతుందని ఆయన ఎత్తు. ఈ భాగం చెప్పేటప్పుడు ఆయన ఇప్పటికీ చాయ్ గ్లాసులోకి చూస్తూ చెప్తాడు. జెరెమియా మూత తీసి, ఒకదాన్ని వెలుతురుకు పెట్టి తిప్పి చూసి, ఇవి నీవి కావన్నా అన్నాడు.

ఇక దాచి లాభం లేదు. "టేబుళ్లన్నీ మంచిగనే ఉన్నయి జెరెమియా," అన్నాడు హరికిషన్. "నా చెయ్యే వణుకుతున్నది."

జెరెమియా ఏమీ ఆశ్చర్యపోలేదు. నువ్వు కట్టినవి ఎక్కడున్నాయని అడిగాడు. చెత్తబుట్టలోంచి తీసిస్తే, ఆరింటినీ ఊది, టోపీకి గుచ్చుకున్నాడు.

"రెండేండ్ల సంది నీవి జెర జెర వంకరనే వస్తున్నయి అన్నా, నువ్వే చూస్కోలే. చెప్తే కట్టుడు బంద్ జేస్తవని చెప్పలే," అన్నాడు. "గా వంకరయి నీళ్లల్ల దెబ్బ తిన్న పురుగు లెక్క కొట్టుకుంటయి. కొర్రమట్ట దానికే వస్తది. వదినె కట్టినయి మస్తున్నయి గని, చెవుల కమ్మలకు పనికొస్తయి."

అబద్ధమాడుతున్నాడనే అనుకున్నాడు హరికిషన్. పాత దోస్తు గదా, మనసు కష్టపెట్టడం ఎందుకని ఏదో అన్నాడనుకుని, శనివారమంతా ముభావంగా కూర్చున్నాడు. సాయంత్రం ఫోనుకు ఫోటో వచ్చింది. జెరెమియా రెండు చేతుల్లో మూరెడు కొర్రమట్ట చేప. పోటీ గెలిచాడా లేదా అన్నది కింద రాశాడు గానీ ఆయన చదవలేదు. ఫోటోను వేళ్లతో పెద్దది చేశాడు. మొదటిసారి వేళ్లు జారి జెరెమియా ముక్కు పెద్దదైంది. రెండోసారి చేప నోరు దొరికింది. నోటి మూలన ఈగ, ఈగ తల దగ్గర పక్కకు జారిన ముడి. ఆ వంకర ఎవరిదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కల్పలతను పిలిచి చూపించాడు. ఆమె చూసి, అయితే మూడు టేబుళ్లు దేనికి కొన్నట్టు అంది. ఆడలేక మద్దెల ఓడు అంటారు గదా, ఊళ్లోవాళ్లు ఒక్క మద్దెలను తిట్టి ఊరుకుంటారు, నేను మూడు కొన్నా అన్నాడు ఆయన.

తర్వాత పోపుల డబ్బా తెచ్చుకుని మళ్లీ డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చున్నాడు. కాలి కింది అట్టముక్క సర్దబోయి, ఎందుకులే అని వదిలేశాడు. కొక్కెం బిగించి దారం అందుకున్నాడు. చెయ్యి వణికింది. టేబుల్ కూడా కొంచెం ఊగింది. ఈసారి ఆయన ఎవరినీ ఏమీ అనలేదు.