జోజప్ప రబ్బరు చెప్పులు

మా జోజప్ప బాబాయికి భయం. దేనికని మాత్రం అడక్కండి, చెప్పేసరికి పొద్దుపోతుంది. బల్లంటే భయం, ఎద్దంటే భయం, ఎద్దు లేకుండా పోయే బండంటే ఇంకా భయం. విజయవాడ బస్సెక్కితే ముందు డ్రైవరు దగ్గరికెళ్ళి, "నాయనా, రాత్రి బాగా నిద్రపోయావా?" అని అడుగుతాడు. ఒకసారి పాపం ఆ డ్రైవరు నిజం చెప్పాడు. "పిల్లాడికి జ్వరమండి, కునుకు పట్టలేదు" అన్నాడు. బాబాయి సీట్లో వేసిన తువ్వాలు తీసుకుని దిగిపోయాడు. ఊరికే దిగాడా? తనతోపాటు ఇంకో నలుగుర్ని దింపాడు!

నా పేరు తాజుద్దీన్. తిరువూరులో మా చర్చి వీధి మొదట్లో నాది ఎలక్ట్రికల్ షాపు. నా ఏడుపేంటో చెప్తా వినండి. నాలుగేళ్ళ కిందటి దాకా బాబాయి కూడా క్రిస్మస్‌కి నా దగ్గరే సీరియల్ బల్బులు కొనేవాడు. తర్వాత ఏమైందో ఏమో, ఉన్న భయాలు చాలవన్నట్టు కరెంటు భయం కూడా పట్టుకుంది. కాళ్ళకి నీలం రబ్బరు చెప్పులు తగిలించాడు. ఇంట్లోనూ విప్పడు, స్నానానికీ విప్పడు. చర్చిలో తప్పక విప్పి, ఫ్యాను లేని మూల చూసుకుని కూర్చుంటాడు.

తన మానాన తను భయపడితే నాకేం? డిసెంబరు వచ్చిందంటే నా షాపు ముందే నిలబడేవాడు.

"అమ్మా, ఆ బల్బుల దండ కొంటున్నావా? ఇంట్లో పిల్లలున్నారా?"

"ఉన్నారండి, ఇద్దరు."

"అయ్యో!"

అంతే. ఆ ఒక్క "అయ్యో"కి దండ తిరిగొచ్చి నా బల్ల మీద పడేది.

"బాబాయ్, నా పొట్ట కొడుతున్నావ్!" అని అరిచేవాణ్ణి.

"నీ పొట్టకేంరా, బియ్యం బస్తాలా ఉంది" అనేవాడు.

భయపెట్టి వదిలేసే రకం కాదు, బదులు కూడా తనే చూపించేవాడు. ఎండాకాలంలోనే పని మొదలుపెడతాడు. రెడ్డిగూడెం మామిడిపళ్ళు తిన్న ప్రతి ఇంటికీ వెళ్ళి టెంకలు అడుక్కొస్తాడు. పురుగుంటుందని భయం కాబట్టి ఉప్పునీళ్ళలో నానబెట్టి, డాబా మీద ఎండబెడతాడు. డిసెంబర్లో ఆ టెంకల పీచు దువ్వెనతో దువ్వి, సున్నం పూసి, బొగ్గుతో రెండు కళ్ళు పెట్టి, ఎర్రమట్టితో టోపీ దిద్దితే తెల్లగడ్డం క్రిస్మస్ తాత తయారు! గంపలగూడెం చేలల్లో పత్తి తీశాక మిగిలిన కాయలు తెచ్చి సరుగుడు కొమ్మకి కడితే మంచు. తాటాకుతో నక్షత్రాలు, కుంకుడుకాయలతో దండలు, వరిగడ్డితో పశువుల పాక. పెద్ద ఖర్చేం లేదు. వీధిలో పన్నెండిళ్ళ వాళ్ళకీ తనే నేర్పాడు.

చేసినంతసేపూ బాగానే ఉంటాడు. అయ్యాక, ఇవన్నీ అంటుకునేవే కదా అని కొత్త భయం! అందుకని ఆయనింట్లో పశువుల పాక దగ్గర బాలయేసు, గొల్లలు, జ్ఞానులు, గొర్రెలు, ఓ ఇసుక బకెట్టు ఉంటాయి. ఒక ఏడాది ఆ బకెట్టుకి కూడా పత్తి అంటించాడు.

ఎదురింటి లారీ డ్రైవరు శాంతయ్యకి ఇదంతా పెద్ద వినోదం. ఆరడుగుల మనిషి, ఆ మీసం చూస్తే చెక్‌పోస్టు వాళ్ళు కూడా 'అండి' అంటారు.

"ఏం జోజప్పన్నా, ఇవాళ సూర్యుణ్ణి చూసి భయపడలేదా?" అని మీసం తిప్పేవాడు.

"వడదెబ్బ తగలదూ?" అనేవాడు బాబాయి. వీధంతా నవ్వేది, ఆయన కూడా నవ్వేవాడు.

ఈ ఏడు చర్చి యువజనుల లీడరు ప్రేమ్ కిరణ్ పట్టుబట్టాడు. ఎన్నాళ్ళీ టెంకలు, తాటాకులు, ఈసారి వీధి ఈ చివర్నుంచి ఆ చివరి దాకా లైట్లే అన్నాడు. ఆర్డరు నాకే ఇచ్చాడు. ఆ లాభంతో చీర కొంటానని మా ఇంటావిడ జాహెదాకి కూడా ఒప్పేసుకున్నాను. ఆ మధ్యాహ్నమే బాబాయి షాపుకొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఒరేయ్ తాజూ, వద్దని చెప్పరా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఛ, అవేం మాటలు బాబాయ్!"

"ఈ వీధిలో బల్బులు వెలిగిన రోజు ఇల్లు ఖాళీ చేసి గంపలగూడెం మా చెల్లెలి దగ్గరికి పోతా."

"వెళ్ళు. నా వ్యాపారం బాగుపడుతుంది" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. ఎన్నో భయాలు చూశాను ఆయన మొహంలో. ఇది వాటిలో ఏదీ కాదు.

ఇరవై మూడో తారీకు సాయంత్రం ట్రయల్. ఎత్తయిన ఇల్లు శాంతయ్యదే కాబట్టి మొదటి దండ ఆ గోడకే వేలాడదీశాం. శాంతయ్య చేతులు కట్టుకుని దాని పక్కనే నిలబడ్డాడు. బాబాయి ఎక్స్‌టెన్షన్ బోర్డు పక్కనే, చెప్పులేసుకుని, తాటాకుల కుప్పకి ఆనుకుని ఉన్నాడు. నేను ప్లగ్గు పెట్టాను. ఎరుపూ నీలమూ టపటపా వెలిగి ఆరాయి. వీధంతా చప్పట్లు.

నేను శాంతయ్య వంక చూశాను. డిసెంబరు చలిలో మనిషికి చెమటలు! మీసం వణుకుతోంది. వెనక్కి వెనక్కి జరుగుతూ ఆ బల్బుల గోడకే ఆనుకోబోతున్నాడు, తనకే తెలియడం లేదు.

బాబాయి ఒక్కసారి వంగాడు. బోర్డు మీద చెయ్యి వేసి, చాలా నిమ్మళంగా ప్లగ్గు పీకి, పక్కన పెట్టాడు. పెట్టాక అరిచాడు.

"చచ్చాన్రోయ్! షాకు!"

తాటాకుల మీద వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకున్నాడు. అందరూ అటే పరిగెత్తారు. ఏం కాలేదని తెలిశాక పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ గోలలో శాంతయ్య చప్పుడు లేకుండా లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. అది నేనొక్కణ్ణే చూశాను.

లేపే వంకతో బాబాయిని పక్కకి తీసుకెళ్ళాను. "పీకేసిన ప్లగ్గు షాకెలా కొట్టింది?" అన్నాను.

"మెల్లగా మాట్లాడరా." చుట్టూ చూశాడు. "నాలుగేళ్ళ కిందట స్టారు కడుతూ శాంతయ్య షాకు తిని నిచ్చెన మీంచి పడ్డాడు. చూసింది నేనే. ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. అప్పట్నుంచి బల్బు మిణుకుమంటే వాడికి కాళ్ళు ఆడవు."

"మరి నిన్నే అంతలా ఎగతాళి చేస్తాడు కదా!"

"చెయ్యనీ. అంత మీసం పెట్టుకుని వణికితే వీధి వాణ్ణి బతకనిస్తుందా? నాకేం పోయింది? చిన్నప్పట్నుంచీ బల్లిని చూసి పారిపోయేవాణ్ణి. నా భయాల్లో ఇంకోటి కలిపితే ఎవరికి తెలుస్తుంది?"

"అంటే, నీకు కరెంటంటే భయం లేదా?"

"లేదు. మిగతావన్నీ నిజమే. బల్లి సంగతి మాత్రం నవ్వులాట కాదు."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. (మీరెప్పుడైనా మా ఊరొస్తే శాంతయ్య దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకండి, మీకు పుణ్యముంటుంది.)

అంతలో ప్రేమ్ కిరణ్ కేకేశాడు. "తాజన్నా, మళ్ళీ పెట్టు ప్లగ్గు!"

ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను. జాహెదా చీర కళ్ళ ముందు మెదిలింది. గొంతు సవరించుకున్నాను.

"నా వల్ల కాదు ప్రేమ్. బాబాయిని చూశాక నాకూ భయమేస్తోంది."

"ఏంటీ? ఎలక్ట్రికల్ షాపు పెట్టుకుని నీకు కరెంటంటే భయమా!"

"అవును. చచ్చేంత భయం. ఈ దండలన్నీ నేను తీసుకెళ్ళిపోతున్నా."

వీధి వీధంతా విరగబడి నవ్వింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. మీసం మళ్ళీ నిటారుగా లేచింది. అందరికంటే గట్టిగా నవ్వింది శాంతయ్యే.

"ఏం తాజుద్దీనూ, షాపులో నీకు లైటెవరేస్తారు, మీ ఆవిడా?"

నేనూ నవ్వాను. దండలన్నీ చుట్టేశాం. వాటి చోట టెంక తాతలు ఎక్కారు.

మర్నాడు పొద్దున్నే బాబాయి షాపుకొచ్చి బల్ల మీద ఓ కవరు పెట్టాడు. తీసి చూస్తే కొత్త నీలం రబ్బరు చెప్పులు.

"వేసుకోరా. భయానికి కొత్తవాడివి."

ఒక నంబరు చిన్నవి. అయినా వేసుకున్నాను.