అత్త అడిగిన చిన్న రెక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో బేరమాడకుండా దొరికేవి రెండే, బావినీళ్లూ అవ్వ తిట్లూ. మిగతా అన్నిటికీ ఒక మాట అనడం, ఒక మాట పడడం ఉండేది. దేవరకొండ బజారులో మా తాతయ్యది కిరాణా దుకాణం. ఒకే గోడకు ఇటు దుకాణం, అటు ఇల్లు. ఎక్కాలు పూర్తిగా రాకముందే నాకు చింతపండును వేలితో నొక్కి అందులో గింజ ఎంతో, తేమ ఎంతో చెప్పడం వచ్చింది. ఆడపిల్ల దుకాణంలో కూర్చోవడమేమిటని బజారు నవ్వితే, తాతయ్య నన్ను ఇంకొంచెం దగ్గరికి జరిపి గల్లాపెట్టె పక్కనే కూర్చోబెట్టుకునేవాడు. నేను పొంగిపోయేదాన్ని. ఇప్పుడు అరవై దాటాయి. పొంగడం తగ్గింది కానీ బేరం తగ్గలేదు. కూరగాయల బండి అతను దూరం నుంచి నన్ను చూశాడంటే సందు మార్చుకుని పోతాడు.

తాతయ్య నేర్పిన విద్యల్లో అన్నిటికంటే పదునైనది ఒకటుంది. "ధర తగ్గియ్యుమని ఎన్నడడగకు బిడ్డా. ఎదుటోనికి రోషమొస్తది. గిందుల ఏం తీసేస్తె తగ్గుతదో అడుగు. వాడే తీసేస్తడు, వాడే తగ్గిస్తడు" అనేవాడు. పదేళ్లకే నేను దానికి ఇంకొక మెలిక కలిపాను. గాజులామె దగ్గర డజనులో రెండు తీసేయించి, ధర తగ్గాక ఆ రెండూ కొసరుగా అడిగి తెచ్చుకున్నాను. ఆ కథ తాతయ్య నెల రోజులపాటు వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పాడు.

మా ముందర అర్రలో, అంటే బజారు వైపు గదిలో, మా అత్త ఉండేది. మా బాపుకు, అంటే నాన్నకు, అక్క. ఆమెను మునుగోడు దిక్కు ఇచ్చారు. అక్కడి నీళ్లలో ఫ్లోరైడు ఉందని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అప్పుడు గ్రహచారం అనుకున్నారు. ముప్పై అయిదేళ్లకే ఆమె వెన్ను వంగిపోయింది, మెడ బిగుసుకుంది, చేతులు భుజం దాటి పైకి లేచేవి కావు. మా మామ ఒకరోజు బండి కట్టి తీసుకొచ్చి, మందులిప్పించి పంపండని దింపి పోయాడు. మందులు పనిచేయలేదు. ఆయనా తిరిగి రాలేదు.

ముందర అర్రలో సగం దుకాణం సామానే. బెల్లం బుట్టలు, చక్కెర బస్తాలు, నూనె డబ్బాలు. బజారు వైపు ఒక్కటే కిటికీ. మేకలు మూతి పెడతాయని, ఈగలు ముసురుతాయని, ఎవడైనా చేయి పెడతాడని అది ఎప్పుడూ మూసే ఉండేది. గడియ పైన ఉండేది కాబట్టి అత్తకు అందదు. అయితే ముత్తాత కాలం నాటి ఆ కిటికీ రెక్కల్లో ఒకదాని కింది మూలను చెదలు తినేసి, జానెడు మేర రాలిపోయింది. అత్త పీట మీద కూర్చుంటే కన్ను సరిగ్గా ఆ సందుకు వచ్చేది. పొద్దంతా అక్కడే. తల ఎత్తలేదు గనక మనుషులను కాళ్లతో గుర్తుపట్టేది. "గా పచ్చ చెప్పులామె మొన్న మన నూనె బాగలేదని అలిగిపోయింది. ఇయ్యాల మళ్ల వస్తాంది. జర మంచిగ మాట్లాడుమను మీ తాతను" అని నాతో కబురు పంపేది. రెండు నిమిషాల్లో ఆ పచ్చ చెప్పులు మా మెట్టు ఎక్కేవి. ఆమె మాటలకు అవ్వ విసుక్కునేది, తాతయ్య లోలోపల మురిసేవాడు. ఆ జానెడు సందు లేకపోతే ఆమెకు బస్తాలు, గోడ తప్ప ఇంకేమీ లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఒక ఎండాకాలం తాతయ్య ఇల్లు బాగుచేయించడానికి పూనుకున్నాడు. గోడలకు కొత్త సున్నం, పైన పుచ్చిపోయిన దూలాలకు బదులు కొత్తవి, ఆరు కిటికీలకూ కొత్త టేకు రెక్కలు. వడ్లాయన వచ్చాడు. మా దిక్కు వడ్రంగిని అట్లాగే అంటారు. పాత ఇల్లు, కుంగిన గోడలు. ఏ రెండు కిటికీలూ ఒక్క తీరుగా లేవు. ఒకే కిటికీకి ఎడమ పక్క ఒక ఎత్తు, కుడి పక్క ఒక ఎత్తు. అందుకని ఆయన కిటికీకి ఒక కర్ర చొప్పున తెచ్చి, పొడవు ఒక గాటు, వెడల్పు ఒక గాటు, వంకర ఉన్నచోట ఇంకొక గాటు పెట్టుకున్నాడు. ఏ కిటికీ కొలత ఆ కర్ర మీదే.

ముందర అర్రకు రాగానే అత్త పీట మీద నుంచే పలకరించింది. "వడ్లాయనా, గీ బొక్క పోతది గదా ఇగ. మరి నా బజారు ఎటు పోవాలె? జర కింద ఒక చిన్న రెక్క పెట్టరాదా? నా చెయ్యందేటట్టు గడియ."

"ఎంత ఎత్తుల గావాలక్కా?"

"నా కన్నెంత ఎత్తులుంటె గంత. భయపడకు, నేను ఇగ పెరిగేది లేదు తియ్యి."

వడ్లాయన నవ్వి, కర్రను ఆమె పక్కన నేల మీద నిలబెట్టి, ఆమె కంటికి సరిగా చిన్న కత్తితో ఒక గాటు పెట్టాడు. "పెండ్లిపిల్లకు రైక కొలత తీస్తున్నవా ఏంది?" అని అత్త కూడా నవ్వింది. మనిషిని కొలిచి బట్ట కుడతారని నాకు తెలుసు. మనిషిని కొలిచి కిటికీ చేస్తారని ఆ రోజే చూశాను.

మర్నాడు అరుగు మీద బేరం. పక్క దుకాణాల వాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. తాతయ్య వడ్లాయనతో, "నేనెందుకు, మా బిడ్డ మాట్లాడుతది. అది సరే అంటె నాకు సరే" అన్నాడు. నేను బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఆ కూర్చోవడం ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది, ఒళ్లూ మండుతుంది. ఒక్కొక్క కిటికీ గురించి అడుగుతూ పోయాను. అయిదింటిలో తీయడానికి ఏమీ దొరకలేదు. ఆరోది ముందర అర్రది, దానికి ధర ఎక్కువ. ఎందుకని అడిగాను. చిన్న రెక్కకు వేరే చట్రం, వేరే మడతబందులు, వేరే గడియ, రెండు రోజుల పని అదనం అన్నాడు.

"అయితే గా చిన్న రెక్క తీసెయ్."

వడ్లాయన నన్ను చూసి, తర్వాత తాతయ్యను చూశాడు. "అక్క అడిగింది సేటూ."

తాతయ్య తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. తల ఎత్తలేదు. "బిడ్డ చెప్పింది గద" అన్నాడు.

వడ్లాయన మళ్లీ నా వైపు తిరిగాడు. "జర లోపటికి పోయి మీ అత్తనొక మాట అడిగిరా, చిన్న సేటమ్మా. నేను కూసుంట."

లోపలికి పది అడుగులు. నేను పోలేదు. మధ్యలో లేస్తే బేరం చల్లారుతుందని నాకు నేర్పారు. పైగా ఎదురుగా నలుగురు పెద్దలు చూస్తున్నారు. "కిటికీ చేపిచ్చేది మూసుడుకే గద. మళ్ల తెరువుడెందుకు?" అన్నాను. అరుగు మొత్తం ఘొల్లుమంది. వడ్లాయన ఒక్కడు నవ్వలేదు. బేరం కుదిరింది. తాతయ్య నా వీపు తట్టి, దుకాణంలో నుంచి పెద్ద బెల్లం ముక్క తెప్పించి నా చేతిలో పెట్టాడు.

నేను వీపు ఆనించి కూర్చున్నది ఆ కిటికీకే. నా తల వెనక జానెడు దూరంలో చెదలు తిన్న సందు, దాని వెనక అత్త. ప్రతి మాటా విని ఉంటుంది. బజారులో ఎవరు తుమ్మినా ఏదో ఒకటి అనకుండా ఉండలేని మనిషి, ఆ రోజు ఏమీ అనలేదు.

రెక్కలు వచ్చాయి. ఎంత బాగా కుదిరాయంటే మూస్తే వెలుతురు గీత కూడా లోపలికి రాలేదు. పని చూడడానికి వచ్చినవాళ్లు వడ్లాయనను మెచ్చుకున్నారు. అత్త అదే పీట మీద, అదే చోట, కొత్త టేకు పలకకు ఎదురుగా కూర్చునేది. బజారులో ఏమవుతుందో చెప్పుమని నన్ను పిలిచింది. నేను ఊరికే చెబుతానా? ఒక్కో సంగతికి పిడికెడు పుట్నాలు అని మాట్లాడుకున్నాను. నాలుగు రోజులు నిజాలే చెప్పాను. తర్వాత ఆటలో పడి, అరుగు దాకా పోకుండానే ఏదో ఒకటి కల్పించి చెప్పి పుట్నాలు పట్టుకుపోయేదాన్ని. ఒకరోజు ఎర్ర జోళ్లాయన పోతున్నాడని చెప్పాను.

"గాయన పోయిన నెలనే చచ్చిపాయె గదనే. ఇయ్యాలెట్ల నడుస్తాండు?" అంది.

నా చేతిలో పుట్నాలు అట్లాగే ఉన్నాయి. అత్త కోప్పడలేదు. "మంచిగ బేరం చేసినవట. ఎంత తగ్గిచ్చినవ్?" అని అడిగింది. చెప్పాను. నేల వైపే చూస్తూ, "నన్నొక మాట అడగకపోతివి బిడ్డా. నా కాళ్ల కడియాలు తీసిస్తుంటి గద. గంతకు రెండింతలు వస్తుండె" అంది. ఏడుస్తూ అని ఉంటే ఎట్లాగో తట్టుకునేదాన్ని. ఆమె కూడా దుకాణం ఇంట్లో పుట్టిన మనిషి. చేతికొచ్చిన సరుకు జారిపోతే మేమందరం ఏ గొంతుతో మాట్లాడతామో, ఆ గొంతుతోనే అంది.

నేను తాతయ్య దగ్గరికి పరుగెత్తాను. చిన్న రెక్క పెట్టించుమని, ఇంకెప్పుడూ ఏమీ అడగనని ఏడ్చాను. ఆయన తూకం రాళ్లు తుడుచుకుంటూ, "అయిన బేరం మళ్ల తెరువద్దు బిడ్డా. దుకాణం ఇజ్జత్ పోతది" అన్నాడు. నేను వదల్లేదు. అప్పుడు రాయి కింద పెట్టి, మెల్లగా, ఎంతో ప్రేమగా అన్నాడు.

"తీసెయ్యుమన్నది నువ్వే గదనే. నేనన్ననా?"

అనలేదు. నిజంగానే ఒక్క మాట అనలేదు. ఆ మాట పట్టుకుని నేను చాలా ఏళ్లు నన్నే తిట్టుకున్నాను. నాకు పిల్లలు పుట్టి, ఇంట్లో ఒకరికి కాదని చెప్పడం ఎంత కష్టమో తెలిశాకగానీ అసలు సంగతి అర్థం కాలేదు. సామాను అర్రకు బజారు వైపు ఇంకొక తలుపు లాంటిది ఉండడం మా తాతయ్యకు మొదటి నుంచీ ఇష్టం లేదు. ఆ మాట వంగిపోయిన బిడ్డ ముఖం చూసి చెప్పలేడు. రోజూ ఆమెకు కంచంలో అన్నం పెట్టించి, తినేదాకా పక్కన కూర్చునే మనిషి. అందుకని నన్ను అరుగెక్కించాడు. నేను బేరం చేశాననుకున్నాను. ఆయన తన నోటితో అనలేనిది నా నోటితో అనిపించుకున్నాడు. వడ్లాయనకు అది అక్కడే తెలిసింది. లోపల కూర్చున్న అత్తకు ఇంకా ముందే తెలిసి ఉంటుంది.

ఆ తర్వాత అత్త నన్ను వార్తలు అడగలేదు. పీటను ఇటు తిప్పుకుని బస్తాల వైపు కూర్చుంది. రెండు వానాకాలాలు గడిచాయి. ఆమె పోయిన రోజు గాలి రావాలని ఎవరో ఆ రెండు రెక్కలూ బార్లా తెరిచారు. బజారు వచ్చి లోపలికి తొంగిచూసింది.

ఆ ఇల్లు ఇప్పుడు మా తమ్ముడి కొడుకుది. తెలంగాణ వచ్చింది, నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, పాత ఇళ్లకు కొత్తగా మోజు వచ్చింది. పోయిన ఏడాది వాడు ఆ ఇంటిని పాత తీరుగానే బాగుచేయిస్తానని మొదలుపెట్టి, కిటికీ రెక్కల దగ్గరికి వచ్చేసరికి నాకు ఫోన్ చేశాడు. బేరానికి నన్ను మించినవాళ్లు మా వంశంలో లేరని వాడి నమ్మకం. వెళ్లాను. కుర్ర వడ్రంగి ఎర్ర లైటు పడే యంత్రంతో గోడలు కొలుస్తున్నాడు. మా మరదలు, అంటే వాడి తల్లి, వెనక అర్రలో పడుకుంటుంది. ఏసీ గాలి ఆమెకు పడదు. కిటికీ తెరుచుకుని పడుకునేటట్టు లోపల దోమతెర రెక్కలు పెట్టించుమని అడిగింది. వాడు నన్ను పక్కకు పిలిచాడు.

"అత్తా, గా దోమతెరవి తీసేస్తె శానా తగ్గుతది. జర నువ్వే అనరాదా? నువ్వంటె అమ్మ ఏమనదు."

"ధర తగ్గియ్యుమని పొద్దుగూకేదాక కొట్లాడుత బిడ్డా. తీసెయ్యుమనేది మాత్రం మీ అమ్మకు నీ నోటితోని నువ్వే చెప్పుకో."

"గింతదానికేందత్తా" అని గొణిగాడు. నేను కదలకపోయేసరికి లోపలికి పోయాడు. చెప్పలేక తిరిగొస్తాడనుకున్నాను. చాయ్ తాగేంత సేపట్లో వచ్చి, "తీసెయ్యి అన్నా" అని వడ్రంగికి చెప్పేశాడు. నేను లేచి లోపలికి పోయి మరదలిని అడిగాను. "వాని ఇష్టం వదినె, నాకెందుకు" అంది చీర కొంగు సర్దుకుంటూ. సరుకు నచ్చకపోయినా నచ్చిందని చెప్పే గిరాకీని నేను గొంతుతో పసిగడతాను. వాడి చేత మార్పించలేకపోయాను. బయటికొచ్చి మిగతా బేరం పూర్తి చేశాను, బందులు కొసరు కింద ఇప్పించాను కూడా. ఎక్కడికి పోతుంది పుట్టిన బుద్ధి?

ఆనాటి అరుగు బేరం నుంచి ఇప్పటిదాకా నాతో ఉన్నది ఇంతే. ఒకరి కోసం ఎంతసేపైనా బేరమాడతాను, కానీ ఒకరు అనలేని మాట నా నోటితో అనను. దానివల్ల ఎవరికీ దమ్మిడీ లాభం కలగలేదు, వెనక అర్రకు దోమతెరా రాలేదు. లాభం లేని సరుకును మా ఇంట్లో ఎవరూ నిలవ పెట్టుకోరు. నేను పెట్టుకున్నాను.