మ్యూజియం వాకిట్లో కర్రసాము

పూర్ణా మార్కెట్‌కి కాస్త ఎగువన, ఒక వర్తకుడి పాత మేడలో మ్యూజియం ఉండేది. పెట్టింది కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఒక మాస్టారు. డిగ్రీ అయి ఇంట్లో కూర్చున్న నన్ను గేటు దగ్గర టిక్కెట్లివ్వడానికి పెట్టుకున్నారు. డెబ్బైల చివరి మాట ఇది. ఊళ్లో అందరి నోటా రాబోయే స్టీలు ప్లాంటు ముచ్చటే. మా దగ్గరున్న తుప్పు లంగరూ, ఫిరంగి గుండ్లూ ఎవరికి కావాలి? మధ్యాహ్నాలు నేనూ మాస్టారూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

"దసరా సెలవుల్లో ఒకరోజు ఇక్కడ పండగలా చేద్దామమ్మా. పిల్లా జెల్లాతో సంసారాలు కదిలి రావాలి" అన్నారు ఒకరోజు. తప్పెటగుళ్ల ఆట, పిల్లలకి బొమ్మల పోటీ, ఆడవాళ్లు కూర్చోడానికి పందిరి. ఇంకేం ఉంటే జనం ఆగుతారని అడిగితే, కర్రసాము అన్నాను. మా చిన్నాన్న పోర్టులో కళాసీ. సాయంత్రాలు మా వీధిలో తాలింఖానా నడిపి, కుర్రాళ్లకి కర్ర తిప్పడం నేర్పేవాడు.

రేవు వీధిలో ఇంకో తాలింఖానా ఉందని మాస్టారికి ఎవరో చెప్పారు. ఇద్దర్నీ పిలుద్దామన్నారు. అమ్మవారి పండగ ఊరేగింపులో ఎవరు ముందు నడవాలన్న దగ్గర ఆ రెండు వీధులూ అంతకుముందే కొట్టుకున్నాయి. ఆ మాట నేను చెబితే, అదంతా పాత సంగతిలే అన్నారాయన.

రేవు వీధి గురువు వచ్చాడు. నల్లగా, నిటారుగా, మెల్లగా మాట్లాడే మనిషి. వరండాలో చిన్నాన్నా అతనూ "బావా" అంటే "బావా" అనుకుంటూ టీ తాగారు. మాస్టారు అద్దాల బీరువాలోంచి జమీందారు కత్తి తీసి చూపించారు. మన పండగ రోజు ఊరేగింపు ఒకటి తీసి, దాని ముందు ఈ కత్తి పట్టుకుని నడిస్తే, ఇలాంటివి మన దగ్గరున్నాయని జనానికి తెలుస్తుందన్నారు.

"పెద్దోడ్ని నాను. నాను పట్టుకుంతాను" అన్నాడు చిన్నాన్న.

"నీకు పెద్దరికం ఎవుడిచ్చినాడు బావా?"

టీ గ్లాసు గోడకి తగిలి పగిలింది. ఎవరు విసిరారో నేను చూడలేదు. మాస్టారు మధ్యలో నిలబడి, కత్తి తానే పట్టుకుంటానని చెప్పి పంపించారు. ఇద్దరూ తలూపి వెళ్లారు. పోస్టర్లు అంటించేశాం. మైకు కట్టిన రిక్షా బజార్లన్నీ తిరిగింది.

పండగకి ముందు ఆదివారం, మ్యూజియం వాకిట్లో రెండు జట్లూ ఒకసారి ఆడి చూసుకోవాలని వచ్చాయి. గురువులిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. కర్రలు టపటపా తగులుతుంటే మొదట చూడ్డానికి బాగుంది. ఉన్నట్టుండి చిన్నాన్న దెబ్బ అతని భుజం ఎముక మీద పడింది. పొరపాటో కావాలనో నాకిప్పటికీ తెలియదు. చిన్నాన్న నవ్వాడు. అతను నవ్వలేదు. కర్ర కొనతో ఎదురుగా ఉన్న మొహంలో పొడిచాడు.

చిన్నాన్న ఒక చెయ్యి ఎడమకన్ను మీద పెట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతి దాకా కారింది. ఆ తర్వాత ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియలేదు. వాకిట్లో మొదలైంది హాల్లోకి వచ్చేసింది. అద్దాల బీరువాలు ఒకదాని తర్వాత ఒకటి పగిలాయి. ఫిరంగి గుండు ఒకడి పాదం మీద పడింది. "బాబూ, ఆగండి బాబూ" అంటూ చేతులెత్తి వెళ్లిన మాస్టారి తల మీద కర్ర పడింది. ఆయన పడిపోయాక కూడా ఒకడు కాలెత్తాడు. నేను గోడకి ఆనించిన పడవ తెడ్డు తీసి వాడి చేతి మీద బలంకొద్దీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నా అరచేతుల్లో తెలిసింది. వాడు నావైపు ఆశ్చర్యంగా చూసి, చెయ్యి పట్టుకుని ఏడుస్తూ కూర్చుండిపోయాడు. పోలీసులు వచ్చేదాకా తెడ్డు వదలకుండా మాస్టారి దగ్గరే నిలబడ్డాను.

చిన్నాన్న కన్ను పోయింది. రేవు వీధి గురువుని లోపలేశారు. పండగ మానేశామని చెప్పించాం గానీ, ఆ రోజు పొద్దున్నే గేటు ముందు జనం. సబ్బవరం వైపు నుంచి కూడా పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. తలకి కట్టుతో మాస్టారే తలుపు తీశారు. లంగరు దగ్గర ఎవరూ ఆగలేదు. "కన్ను పోయిందెక్కడండి?" అని అడిగారు. ఒకాయన కొడుకుని భుజాలెక్కించుకుని, వాకిట్లో నల్లబడిన రక్తం మరక చూపించాడు. మాస్టారు లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ బయటికి రాలేదు.

ఆ గుంపులో ఒకావిడ ఇద్దరు పిల్లలతో నా ముందుకొచ్చింది.

"మీ సిన్నాన్నకి ఎలాగుంది?"

అప్పుడు పోల్చుకున్నాను, రేవు వీధి గురువు భార్య.

"ఒక కన్ను లేదు" అన్నాను.

ఆవిడ తలొంచుకుంది. "మీ ఈదోళ్లు మా ఇంటి మీద రాళ్లేత్తన్నారమ్మా. పిల్లల్ని ఇంట్లో ఉంచనేక తెచ్చినాను. సాయంత్రం దాకా ఈడుంటాం."

నేను జవాబు చెప్పేలోపే మా వీధి ఆడవాళ్లు చూశారు. ఒకామె పరుగున వచ్చి ఆవిడ జుట్టు పట్టుకుని నేలకేసి లాగింది. పిల్లలు కేకలు పెట్టారు. నేను మధ్యలో దూరితే నా చెంప మీద గోళ్లు దిగాయి. ఎలాగో ముగ్గుర్నీ లోపలికి తోసి గడియ పెట్టాను. బయట తలుపు బాదుతూనే ఉన్నారు. చిన్నపిల్ల నా చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ పిల్ల తండ్రి మీద నాకున్న కోపం అప్పుడు కూడా తగ్గలేదు. అయినా పిల్లని వదల్లేదు. బాదుడు ఆగాక పెరటి గోడ దాటించి, మార్కెట్ దాకా తోడు వెళ్లాను. అందుకు మా అమ్మ నాతో చాలాకాలం మాట్లాడలేదు.

వాకిలి ఎన్నిసార్లు కడిగినా జనం అదే అడుగుతుంటే, మాస్టారు ఆ ఏడాదే మ్యూజియం మూసేశారు.

"ఆడు బయటికొత్తే సంపుతాను" అని చిన్నాన్న ఏళ్లతరబడి అన్నాడు. అతను వచ్చాడు. చిన్నాన్న చంపలేదు. ఎనభైల్లో ఇద్దరూ స్టీలు ప్లాంటు కట్టే పనికి ఒకే బస్సులో వెళ్లేవాళ్లు. ఒకసారి నేనూ ఆ బస్సెక్కాను. అతను నడవకి అటుపక్క సీట్లో ఉన్నాడు. చిన్నాన్న చూపు లేని కన్ను అతనివైపు ఉండేలా కూర్చుని, దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు.