పోశవ్వ ఊడ్చిన హాలు

బొంబాయి కామాటిపురలో మా గల్లీ హాలును మేమే కట్టుకున్నాం. ఒంటిగది ఖోలీకి ఒకరు చొప్పున ప్రతి ఆదివారం కూలి లేకుండా పనిచేశాం. పోశవ్వ నిండు కడుపుతో సిమెంటు తట్టలు మోసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లూ ఆ హాలు ఊడ్చింది ఆమే.

ఎనభై నాలుగులో ఆమె మొగుడు బాలనర్సు పోయాడు. పదోరోజు భోజనాలకు ఆమె ఖోలీలో పదిమంది కూడా పట్టరు. హాలు అడిగితే కమిటీ సెక్రటరీ అంజిలయ్య తాళం తీయనన్నాడు.

“కొత్త రూలు, పోశక్కా. ఈడ చావు కూడు పెడితే లగ్గాలకు ఎవలు రారు.”

“మీ నాయిన దినాలు ఈడనే జేస్తిమి గద, తమ్మీ. బువ్వ నేనే వండితి. గప్పుడు లేని మైల నా మొగనికే వచ్చెనా?”

అతను తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఎంత సిగ్గులేనితనం! మేం హాలు ముందే గల్లీలో చాపలు పరిచి విస్తళ్లు వేశాం. టాక్సీలు ఆగిపోయాయి, జనం మూగారు. అప్పుడు అంజిలయ్య తాళంచెవి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“లోపటికి రాండ్రి, ఇజ్జత్ పోతది!”

పోశవ్వ లోపలికి పోలేదు. మెట్టు మీదున్న తన చీపురు తీసి అతని చేతిలో పెట్టింది.

“తాళం నీదే గద. రేపటి సంది ఇది గూడ నీదే.”